స్పిరిట్ దూదికి అరిచిన మనిషి

రిపోర్టు వచ్చిన పూట నరసింహులు అన్నం పళ్ళేన్ని గోడకేసి కొట్టాడట. “అదెట్టా కుదురుద్ది? చస్తే కుదరదు!” అని మూడుసార్లు అరిచాడట. గోడ మీద పప్పుచారు మరక ఇప్పటికీ ఉందట.

ఇదంతా కృష్ణవేణి పొరుగింటి నాగమణి చెప్పిన మాట. ఆవిడ కళ్ళతో చూసింది కాదు. నరసింహులు ఇంట్లో అంట్లు తోమే మనిషి బోరింగు దగ్గర బిందె నిండేలోపు చెప్తే విన్నది. మధ్యలో ఎంత కలిసిందో ఎవరికెరుక? కానీ చివర్లో నాగమణి తన సొంత మాట ఒకటి చేర్చింది. డిటెక్టివ్ బాలశౌరి తన చిన్న పుస్తకంలో రాసుకున్నది ఆ ఒక్క మాటే.

“‘అది నా బిడ్డ కాదు’ అని అరిచే మగాళ్ళని చూశానండి. ‘చస్తే కుదరదు’ అని అరిచేవోణ్ణి ఇప్పుడే వింటన్నా. కుదరకుండా ముందే ఏదో ఏర్పాటు చేసుకున్నోడిలా లేదూ?”

బాలశౌరి టైము చూసుకున్నాడు. శనివారం, జూన్ ఇరవై నాలుగు, ఉదయం తొమ్మిదీ ఇరవై. సోమవారం పదకొండింటికి నూజివీడు కోర్టులో కేసు పిలుస్తారు. చేతిలో ఉన్నది రెండు పగళ్ళు.

కేసు చెప్పడానికి చిన్నదే. నరసింహులు మామిడి కాపు కొనే వ్యాపారి. ఆగిరిపల్లి వైపు నాలుగు తోటలు అతని చేతిలో ఉన్నాయి. రెండేళ్ళ కిందట భార్య కృష్ణవేణిని, రెండేళ్ళ కూతురు రాధని ఇంట్లోంచి పంపేశాడు. పిల్ల పోషణకి నెలకి రెండొందల యాభై ఇమ్మని కోర్టు చెప్పింది. ఇస్తూనే, ఆ పిల్ల నాకు పుట్టలేదని పిటిషన్ వేశాడు. హైదరాబాదులో డీఎన్ఏ అనే కొత్త పరీక్ష వచ్చిందట, రక్తం చూసి తండ్రెవరో తేలుస్తారట, ఖర్చు నాదే, చేయించండి అన్నదీ అతనే. మే తొమ్మిదిన ముందు తల్లీబిడ్డలకి, వాళ్ళు వెళ్ళాక అవతలి పక్షానికి రక్తం తీశారు. రక్తమిచ్చిన ఆ మనిషే పిల్లకి తండ్రి అని రిపోర్టు వచ్చింది.

ఇప్పుడు నరసింహులు కొత్త పాట ఎత్తుకున్నాడు. ఆసుపత్రిలో అటెండరు సలోమోను లంచం తిని సీసాలు మార్చాడంటున్నాడు. అది నిజమని తేలితే సలోమోను జైలుకి, కృష్ణవేణి వీధికి. ఊళ్ళో ఆవిడకి పడే పేరు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ఆవిడ తరఫు లాయరు డేవిడ్ రాజు బెజవాడ నుంచి బాలశౌరిని పిలిపించి, తన రాజ్‌దూత్ బండి తాళం చేతిలో పెట్టాడు.

బాలశౌరి ఆసుపత్రికి చేరేసరికి ఇంకొకడు ముందే చేరాడు.

“సంతకం పెట్టు. జైలు తప్పిస్తా,” అంటున్నాడు భానుమూర్తి. పోలీసుశాఖలో సర్కిలు ఇన్‌స్పెక్టరుగా రిటైరై, బెజవాడలోనే డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టిన మనిషి. నరసింహులు పెట్టుకున్నది ఇతన్నే. తెల్ల సఫారీ, చంకలో తోలు సంచి. కుర్చీలో తను కూర్చుని, సలోమోనుని గోడకి ఆనించి నిలబెట్టాడు. సలోమోను చేతిలో, సీసాలు మార్చానని రాసిన కాగితం ఉంది.

“ఆ కాగితం ఇటివ్వు సలోమోనూ,” అన్నాడు బాలశౌరి.

భానుమూర్తి వెనక్కి తిరక్కుండానే నవ్వాడు. “వచ్చావా? డేవిడ్ రాజు బండి చప్పుడు వినగానే అనుకున్నా. ఆడవాళ్ళ కన్నీళ్ళ కేసులన్నీ నీకే దొరుకుతాయేంటయ్యా?”

“మగవాళ్ళ అబద్ధాల కేసులన్నీ మీరు తీసుకున్నాక మిగిలేవి ఇవే కదండీ భానుమూర్తిగారూ.” బాలశౌరి కాగితం చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. “సలోమోనూ, రక్తం ఎన్నింటికి తీశారు?”

“పదీ నలభైకండి.”

“సీలు?”

“పదీ యాభై అయిదు. డాక్టరుగారు, నర్సమ్మగారు, కోర్టు గుమాస్తాగారు ముగ్గురూ ఉండగానే లక్క పోశారండి. లక్క మీద కోర్టు ముద్ర కొట్టారు.”

“తరవాత?”

“ఐసు డబ్బాలో పెట్టి గుమాస్తాగారి చేతికిచ్చానండి. పదకొండూ ఇరవైకి జీపెక్కారాయన.”

“నీ చేతిలో ఎంతసేపుంది?”

“బల్ల దగ్గర్నించి గుమ్మం దాకా అండి. ఇరవై అడుగులు.”

“ఇరవై అడుగులు చాలు,” అన్నాడు భానుమూర్తి.

“చల్లారిన లక్క పగలకొట్టి, సీసా మార్చి, కోర్టు ముద్ర మళ్ళీ కొట్టడానికా? ఇతనికి ఎన్ని చేతులున్నాయంటారు?” బాలశౌరి సంచిలోంచి రిపోర్టు నకలు తీశాడు. “రెండో పేజీ చదివారా? సీళ్ళన్నీ చెక్కు చెదరలేదు, ముద్రలు సరిపోయాయి అని హైదరాబాదువాళ్ళు రాశారు.”

“నా క్లయింటు ఆఖరి లైనే చూపించాడు.”

“మిగతా లైన్లు చూపించని క్లయింటుని నమ్మి, ఇతని చేత సంతకం పెట్టిస్తున్నారన్నమాట.”

భానుమూర్తి మొహంలో రంగు మారింది. రిపోర్టు లాక్కుని రెండో పేజీ రెండుసార్లు చదివాడు. ఎంత కాదన్నా ముప్పై ఏళ్ళ ఉద్యోగం చేసినవాడు. కాగితం అబద్ధమాడటం లేదని తెలిసిపోతుంది. లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫోను అందుకున్నాడు. తలుపు తెరిచే ఉంది.

“హలో, మామిడి మండీయేనా? నరసింహులుగార్ని పిలవండి... ఆఁ, నేనే. సీళ్ళు బాగానే ఉన్నాయండి. మార్చే వీల్లేదు... కాదండీ, ఎట్టా చూసినా వీల్లేదు. ఆ కుర్చీలో కూర్చున్నవాడి రక్తమే హైదరాబాదు చేరింది... హలో? హలో?”

అవతల పెట్టేశారు. భానుమూర్తి రిసీవరు వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు. గోడ గడియారంలో పదీ పదిహేను.

ఆ చూపు బాలశౌరికి నచ్చలేదు. కేసు ఓడిపోయిన క్లయింటు తిడతాడు, బతిమాలతాడు, లాయర్ని మారుస్తానంటాడు. మాట లేకుండా ఫోను పెట్టెయ్యడు.

రక్తం తీసిన గది ఆ వరండా చివరనే ఉంది. స్టాఫ్ నర్సు జ్ఞానప్రసూనాంబ తాళం తీసింది. యాభై దాటిన మనిషి, మాట నిదానం. ఒక బల్ల, ఒక ఇనుప కుర్చీ, ఉత్తరం వైపు కిటికీ. దొంగతనం చెయ్యటానికి గానీ దాక్కోవటానికి గానీ చోటు లేని గది. బాలశౌరి కుర్చీలో కూర్చుని చెయ్యి బల్ల మీద చాపాడు.

“నేను నరసింహుల్ననుకోండమ్మా. ఆ రోజు ఏం చేశారో అంతా మళ్ళీ చెయ్యండి.”

“ఏముందండీ... ముందు ఫారం చూశాను. ముందురోజే కోర్టులో సంతకం పెట్టించి, ఫొటో అంటించి పంపారు. ఫొటో చూశాను, మనిషిని చూశాను. అదే ముక్కు, గడ్డం మీద అదే నొక్కు. అనుమానం రాలేదు.”

“మాట్లాడాడా?”

“నరసింహులేనా అంటే తలూపాడు. అంతే.”

“చొక్కా?”

“తెల్లది, పొడుగు చేతులది, కొత్తది. మణికట్టు దగ్గర గుండీ తీసుకోవటం రాక అవస్థ పడితే నేనే తీశాను.”

బాలశౌరి పెన్సిలు ఆగింది. “గుండీ తీసుకోవటం రాలేదా? తరవాత?”

“స్పిరిట్ దూది రాశాను. మోచేతి మడతలో ఇలా రుద్దానో లేదో, ‘అమ్మో’ అని అరిచి కుర్చీ మీంచి లేచిపోయాడండీ! సూదికి భయపడేవాళ్ళని వెయ్యిమందిని చూశాను. దూదికి అరిచినవాణ్ణి ఆయన్నే చూశాను. చూస్తే అక్కడంతా నల్లగా, చారలు చారలుగా పొక్కి ఉంది. కాలిందా నాయనా అంటే పలకడు. రెండో చెయ్యి చూపమన్నాను. అదీ అంతే. పాపం, పళ్ళు బిగబట్టి ఇచ్చాడు.”

“అదేంటో మీకు తెలియలేదా?”

“మాది కాకినాడండి. ఇక్కడికి బదిలీ అయ్యి అప్పటికి నెల కూడా కాలేదు. ఏం, అదేంటి?”

బాలశౌరికి తెలుసు. అతను పుట్టింది ముసునూరులో, మామిడి తోటల మధ్య. పచ్చి మామిడికాయ తొడిమ విరిగితే సొన చిమ్ముతుంది. వల చిక్కం కట్టిన గడని తల మీదికెత్తి రోజంతా కాయ కోసేవాడికి ఆ సొన చేతుల వెంట కారి, మోచేతి మడతలో ఆగి, చెమటతో కలిసి చర్మాన్ని కాల్చేస్తుంది. వేసవిలో కోతగాళ్ళ చేతులన్నీ అలాగే ఉంటాయి. దాని మీద స్పిరిట్ పడితే ప్రాణం పైకే పోతుంది.

కాపు కొనే వ్యాపారి కాయ కొయ్యడు. కోయిస్తాడు.

ఆ కుర్చీలో కూర్చున్నది నరసింహులు కాదు.

‘కుదరకుండా ముందే ఏర్పాటు చేసుకున్నోడిలా’ అన్న నాగమణి మాట ఇప్పుడు సరిగ్గా సరిపోయింది. పిల్ల తనదేనని తెలుసు, అయినా పోషణ ఇవ్వటం ఇష్టం లేదు. తన రక్తమిస్తే దొరికిపోతాడు. కనక తన పోలికలున్న ఒక కోతగాణ్ణి పంపాడు. వాడి రక్తం పిల్లతో చస్తే కలవకూడదు.

కలిసింది!

బాలశౌరి కుర్చీలోంచి లేచాడు. ఇంతసేపూ రిపోర్టుని కాపాడ్డానికి తిరిగాడు. రిపోర్టు నిఖార్సయిన నిజం. ఆ నిజమే ఇప్పుడు కృష్ణవేణి మెడకి చుట్టుకుంటోంది.

కృష్ణవేణి మామిడి తాండ్ర చేసే పాకలో పనిలో ఉంది. చాప మీద రసం పల్చగా పరుస్తోంది. మోచేతుల దాకా పసుపు. బాలశౌరిని చూసి లేవలేదు.

“సలోమోను బయటపడ్డట్టేనమ్మా,” అన్నాడు. “సీసాలు మారలేదు.”

“నాకు తెలుసండి.”

“ఎలా తెలుసు?”

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగాయి. “కోర్టువాళ్ళు చేసిన పని కదా, సరిగ్గానే చేసుంటారు.”

“రక్తమిచ్చింది నరసింహులు కాదు. అది కూడా తెలుసా?”

కృష్ణవేణి ఈసారి తలెత్తింది. ముప్పై నిండని మొహంలో కళ్ళు మాత్రం ఎన్నో ఏళ్ళుగా నిద్రలేనట్టున్నాయి. “అన్నయ్యగారూ, మిమ్మల్ని లాయరుగారు ఎందుకు పిలిపించారు?”

“రిపోర్టు నిలబెట్టడానికి.”

“నిలబడిందిగా? చాలు. మీరింక తోటలోకి వెళ్ళకండి.”

“నేను తోట అనలేదే.”

కృష్ణవేణి పెదవి కొరుక్కుంది. అవతల ఈగలు తోలుతున్న ఆడవాళ్ళు ఇటే చూస్తున్నారు. గొంతు తగ్గించింది. “నన్ను వెళ్ళగొట్టిన్నాటి నుంచీ మా అత్తగారు బుల్లెమ్మగారే కొడుక్కి తెలియకుండా బియ్యం పంపుతున్నారు. ఆ ఇంట్లో నన్ను మనిషిలా చూసింది ఆవిడొక్కరే. మీరు తవ్వితే ముందు పడేది ఆవిడండి. నేను కాదు.”

“తవ్వేది నేనొక్కణ్ణే కాదమ్మా. సీసాలు మారలేదని మీ ఆయనకి పదీ పదిహేనుకి తెలిసిపోయింది. ఎవర్ని పంపాడో అతనికి తెలుసు. అంటే...”

ఆమె చేతిలో రసం గిన్నె చాప మీద బోర్లా పడింది.

“పోతురాజు!” అంది. “అన్నయ్యగారూ, వెళ్ళండి. ఆగిరిపల్లి రోడ్డులో మూడో తోట. త్వరగా వెళ్ళండి!”

పన్నెండూ యాభైకి బాలశౌరి తోటలో బండి ఆపాడు. ఆఖరి కోత జరుగుతోంది. కోతగాళ్ళు ఇద్దరిద్దరు జోడీలుగా పనిచేస్తున్నారు. ఒకడు చెట్టు మీద గడ పట్టుకుంటే, రెండోవాడు కింద గోనె పరిచి కాయ అందుకుంటున్నాడు. ఒక చెట్టు కింద మాత్రం ఒకడే ఉన్నాడు. గోనె పట్టుకుని, పైన ఎవరూ లేని కొమ్మ వైపు తెల్లబోయి చూస్తున్నాడు. పేరు ఇన్నయ్య.

“నీ జోడీ ఎవరు?”

“పోతురాజండి.”

“ఎక్కడ?”

“కామందుగారు పిలిచారండి. పదకొండున్నరకి వచ్చి, పాకింగు షెడ్డులో పనుంది రారా అన్నారు.” ఇన్నయ్య షెడ్డు వైపు చెయ్యి చూపాడు. “పనుంటే తాళమెందుకండి?”

“తాళమా?”

“బయటినించి వేశారండి. నేను కళ్ళతో చూశా. అందుకే మా వాణ్ణొకణ్ణి సైకిలిచ్చి బుల్లెమ్మగారి కాడికి తోలాను. నేను చేసింది తప్పంటారా?”

“ఈ తోటలో ఇవాళ బుద్ధిగా పనిచేసింది నువ్వొక్కడివే. నడువు. పోయిన నెల తొమ్మిదో తారీకు, మంగళవారం, పోతురాజు పనిలో ఉన్నాడా?”

“లేడండి. తొమ్మిదింటికి కామందుగారే స్కూటరెక్కించుకు పోయారు. తెల్లచొక్కా తొడిగించి మరీ! పెళ్ళికొడుకయ్యావేంట్రా అని నవ్వాం. ఒంటిగంటకి తిరిగొచ్చాడు. ఆ రోజు సగం కాయ నేల రాలి పగిలిందండి, నా ఒక్కడి వల్ల ఏమైద్ది?”

షెడ్డు ముందు, బోర్లించిన బుట్ట మీద నరసింహులు కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, గడ్డం మీద లోతైన నొక్కు. కాళ్ళ దగ్గర కిరసనాయిలు డబ్బా. చేతిలో అగ్గిపెట్టె తిప్పుతున్నాడు. లోపలంతా పాకింగుకి తెచ్చిన ఎండుగడ్డి.

“రండి డిటెక్టివ్‌గారూ,” అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది. “నా పెళ్ళాం పంపిందా?”

“తాళం ఇటివ్వండి.”

“నా తోట, నా షెడ్డు, నా కూలి.”

వెనకనుంచి కారు చప్పుడు. భానుమూర్తి దిగాడు. నుదురంతా చెమట. “నువ్వు ఫోను పెట్టేసిన తీరు నాకు నచ్చలేదయ్యా నరసింహులూ. మండీకి వెళ్తే తోటకెళ్ళావన్నారు. ఏంటిది? లోపలెవరు?”

“లోపలున్నది మీ కేసు,” అన్నాడు బాలశౌరి. “నరసింహులుగారూ, చొక్కా చేతులు పైకి మడవండి.”

“ఎందుకు?”

“మే తొమ్మిదిన ఆసుపత్రిలో రక్తమిచ్చినవాడి రెండు మోచేతుల్లోనూ పుళ్ళున్నాయి. స్పిరిట్ తగిలితే అరిచాడు. నర్సమ్మ సాక్ష్యం.”

నరసింహులు కదల్లేదు. భానుమూర్తే వంగి అతని చొక్కా చెయ్యి పైకి లాగాడు. నున్నటి చర్మం, ఎక్కడా మచ్చ లేదు.

“నెలన్నర దాటింది. మానిపోయుండొచ్చు,” అన్నాడు భానుమూర్తి. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

“ఇన్నయ్యా, నీ చెయ్యి చూపించు. ఇవి ఎప్పటివి?”

ఇన్నయ్య చెయ్యి చాపాడు. మోచేతి మడతలో కాటుక గీసినట్టు చారలు. “ఇయ్యా? నిరుటియ్యి కూడా ఉన్నాయండి ఇందులో. సొన మచ్చ అంత తేలిగ్గా పోద్దేంటి?”

భానుమూర్తి నడుం నిటారు చేశాడు. “అంటే నువ్వు నాకు కూడా అబద్ధం చెప్పావన్నమాట. నేను ఆ సలోమోనుగాణ్ణి గంటన్నర గోడకి నిలబెట్టానయ్యా!”

“అవును, వీణ్ణి పంపాను!” నరసింహులు లేచాడు. మామూలు గొంతు ఒక్కసారి పగిలిపోయింది. “అచ్చం నాలా ఉంటాడని పంపాను. వీడి రక్తం కలవదనేగా పంపింది! పిల్ల నాదేననుకున్నా. దాని గడ్డం మీద నొక్కు చూసి, నాదేననుకున్నా. నాదే అయ్యుండీ కాదని అబద్ధమాడుతున్నాననుకున్నా...”

“పోలిక చూసి పంపారు,” అన్నాడు బాలశౌరి. “ఆ పోలికే పిల్లకీ వచ్చింది.”

షెడ్డు లోపలనుంచి, రేకుల వెనక, ఒక గొంతు నిదానంగా పలికింది. “నాకు తెలుసండి కామందూ.”

అందరూ అటు తిరిగారు.

“తెలిసే ఎక్కాను స్కూటరు. ఈ రక్తం పిల్ల రక్తంతో కలవకపోతే నేను బయటపడతాన్రా అని దారిలో మీరే చెప్పారుగా. కలుస్తదని నాకు తెలుసు. పిల్లకి అన్నం దొరుకుతదని నోరు మూసుకున్నా. ఆ యమ్మకి కూడా ఆ సాయంత్రమే కబురు పెట్టా. ఇందులో ఆమె తప్పేం లేదండి.”

నరసింహులు కాలితో కిరసనాయిలు డబ్బాని తన్నాడు. నూనె తలుపు కిందనుంచి లోపలికి పాకింది. అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. రెండోది తీసేసరికి భానుమూర్తి అతని మణికట్టు పట్టుకున్నాడు. పట్టు బలమైనదే కానీ వయసు అరవై దాటింది. నరసింహులు విదిలిస్తే వెళ్ళి బుట్టల మీద పడ్డాడు. బాలశౌరి మధ్యలోకి దూకి తలుపుకి అడ్డం నిలిచాడు.

“సోమవారం కోర్టులో ఏం చెప్తావురా నువ్వు?” నరసింహులు రొప్పుతూ అడిగాడు. “నేను దొంగ మనిషిని పంపానని చెప్తావా? చెప్పు! చెప్పిన మరుక్షణం ఈ పిల్లకి తండ్రెవరో కూడా చెప్పాలి. నీ క్లయింటు ఊళ్ళో తలెత్తుకు తిరుగుద్దా?”

బాలశౌరి తలుపు వదల్లేదు. ఆసుపత్రి దగ్గర్నుంచీ అతన్ని తొలుస్తున్న ప్రశ్న అదే.

“తప్పుకో బాబూ.”

ఎడ్లబండి ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. బుల్లెమ్మ దిగి, చేతికర్ర ఊతంగా నడిచొచ్చింది. డెబ్భై ఏళ్ళ ఎముకల మనిషి. బాలశౌరిని పక్కకి జరిపి, కిరసనాయిలు తడిలోనే, తలుపుకి వీపు ఆనించి చతికిలబడింది.

“ఇప్పుడు గియ్యిరా,” అంది కొడుకుతో.

“అమ్మా, లే! నీకేం తెలీదు.”

“నాకు తెలియంది నువ్వేం చెప్పగలవు? పద్దెనిమిదో ఏట నీకు గవదబిళ్ళలొచ్చాయి. కిందికి దిగి పదిరోజులు జొరంతో పడున్నావు. నీ కొడుక్కి పిల్లలు పుట్టరమ్మా అని బెజవాడ డాక్టరు నాతో చెప్పాడు. మీ నాన్నకి కూడా చెప్పకుండా కడుపులో పెట్టుకున్నా.”

అగ్గిపుల్ల నరసింహులు వేళ్ళ మధ్య అలాగే ఉండిపోయింది.

“నీ పెళ్ళయిన నాలుగో ఏటికి దాన్ని గొడ్రాలన్నావు. బయటికి తోసి ఇంకో సంబంధం చూసుకుంటానన్నావు. తప్పు నీలో ఉంటే శిక్ష దానికేసింది నువ్వు. అది చూడలేక నేనే దాని కాళ్ళు పట్టుకున్నా. ఛీ అంది. మూణ్ణెల్లు నాతో మాట్లాడలేదు. నువ్వు రెండో పెళ్ళికి ముహూర్తం పెట్టించిన రోజు తనే వచ్చి, సరే అత్తయ్యా అంది.”

“వీడితోనా?” నరసింహులు షెడ్డు తలుపు వైపు చూశాడు. “కూలోడితోనా?”

“కూలోడు కాబట్టేనా నీకు నొప్పి? వాడి గడ్డం చూసి ఆసుపత్రికి పంపినోడివి, ఆ గడ్డం ఎక్కడిదని ఒక్కసారైనా అనుకున్నావా? మీ నాన్న ఈ తోటలోనే వాళ్ళమ్మని ఏం చేశాడో ఊరంతటికీ తెలుసు. నేను తప్ప ఎవరూ పైకి అనరు. వాడు నీ తమ్ముడురా. బయటి రక్తం ఇంట్లోకి రాకూడదనే వాణ్ణడిగా.”

లోపల పోతురాజు దగ్గాడు. ఇన్నయ్య తల దించుకుని తన చేతుల మీది చారలు చూసుకుంటున్నాడు. భానుమూర్తి బుట్టల మధ్యనుంచి లేచి, సఫారీకి అంటిన గడ్డి దులుపుకోవటం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

నరసింహులు చేతిలోంచి అగ్గిపెట్టె జారింది. బాలశౌరి దాన్ని కాలికింద తొక్కిపట్టి, నరసింహులు చొక్కా జేబులోంచి తాళంచెవి తీసుకున్నాడు. నరసింహులు అడ్డుపడలేదు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

“కన్నతల్లివి,” అన్నాడు. “ఇన్నేళ్ళలో ఒక్క మాట నాతో చెప్పుంటే ఏం పోయేదే? చెప్పుంటే నేనీ కేసు ఇట్టా ఓడిపోయేవాణ్ణా?”

బుల్లెమ్మ కర్ర ఆనించుకుని లేచింది. తాళం తియ్యమని బాలశౌరికి కళ్ళతోనే సైగ చేసి, కొడుకు వైపు తిరిగింది.

“నేను చెప్పకపోబట్టి కాదు నువ్వు ఓడింది. దొంగ మనిషిని పంపకుండా ఆ రోజు నీ రక్తం నువ్విచ్చుంటే గెలిచేవాడివిరా.”